పద్నాలుగో నంబరు చక్రవర్తి

టీచర్ల హాస్టలు,
మూడో అంతస్తు, మెట్ల పక్క గది

మావయ్యా,

నాకు ఉద్యోగం దొరికిందని అమ్మ చెప్పే ఉంటుంది. ఎలాంటి ఉద్యోగమో చెప్పి ఉండదు, ఎందుకంటే నేను తనకు చెప్పలేదు. లెక్కల టీచరుగా చేరాను. చేరిన వారంలోనే చరిత్ర టీచరు పురిటి సెలవు పెట్టి వెళ్ళింది. స్టాఫ్ రూములో నోరు లేనిదాన్ని, కొత్తదాన్ని నేనే కాబట్టి ఆవిడ తరగతి నా నెత్తిన పడింది. ప్రాచీన రోము, దాని చక్రవర్తులు. రోము గురించి నాకు తెలిసిందల్లా వాళ్ళ అంకెలు, అవీ గోడ గడియారం మీద చూసి.

ఇది తుమ్మితే ఊడిపోయే ముక్కు లాంటి ఉద్యోగం. టర్ము చివర్లో హెడ్మిస్ట్రెస్ వచ్చి నా చరిత్ర పాఠం మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వింటారు. నచ్చితే పర్మనెంటు. నచ్చకపోతే ఇంటికి. ఇంటికి అంటే అన్నయ్య ఇనుప సామాన్ల కొట్లో పద్దులు రాసుకుంటూ కూర్చోవడం. వాడు అప్పుడే నాకోసం కుర్చీ తుడిచి పెట్టాడట. మావయ్యా, నాకు పిల్లల ముందు నిలబడటం ఇష్టం. కొట్టుకు వెళ్ళను.

ఇంటర్నెట్టులో రోము గురించి సముద్రమంత ఉంది. తెరిస్తే ముందు వంశవృక్షమే వస్తోంది. ఎవరు ఎవరి కొడుకో, ఎవరికి దత్తుడో, ఎవరు ఎవరిని వదిలేసి ఎవరిని చేసుకున్నారో చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. కుటుంబాల గొడవలు నీకంటే తెలిసినవాళ్ళెవరు? ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ సంబంధాలు కుదిర్చి, ఇంటికెళ్ళి ఒక్క పళ్ళెం కడుక్కునే మావయ్యవి. నాకోసం కాస్త చదివి పెట్టు.

ఫోను చేద్దామనుకున్నాను. కానీ రోజంతా ఒక చెవిలో ఆడపెళ్ళివారు, ఇంకో చెవిలో మగపెళ్ళివారు. సాయంత్రం ఫోను మోగితే నువ్వు బల్ల కింద దూరతావని తెలుసు. అందుకే ఉత్తరం.

నీ కోడలు పిల్ల


సంబంధాల ఆఫీసు,
టైర్ల దుకాణం పైన

కోడలు పిల్లా,

సరైన మనిషినే పట్టావు. పెళ్ళిళ్ళన్నీ కంప్యూటర్లోనే కుదురుతున్నాయని చెప్పి నా చేత దీన్ని కొనిపించారు. కొన్న దగ్గర్నుంచి ఆఫీసుకు వచ్చేవాళ్ళు తగ్గారు. నా వ్యాపారాన్ని మింగిన యంత్రం ముందు నేనే కాపలా కూర్చున్నాను. ఇప్పుడు దానికీ నాకూ పని దొరికింది.

వారం రోజులు చదివాక ఒకటి తేలింది. చరిత్ర అంటే సంబంధం గురించి వాకబు చెయ్యడమే. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, చెప్పినందువల్ల వాళ్ళకేం ఒరిగింది. ఈ మూడూ అడక్కుండా నేను ఏ ఇంటి గడపా తొక్కలేదు.

నాణేల సైటు ఒకటి ఉంది. ఏ చక్రవర్తి పేరు కొట్టినా వాడి నాణేలు రెండు వైపులా పెద్దవి చేసి చూపిస్తుంది. ముచ్చటేసి గంటలు గంటలు చూశాను. నాణెమంటే పెళ్ళికొడుకు తనంతట తాను ఇచ్చుకున్న ఫోటో. అగస్టస్ ఉన్నాడు, డెబ్భై ఆరో ఏట పోయాడు. నాణెం మీద మాత్రం ఆఖరిదాకా కుర్రవాడే. మన ఆఫీసుకొచ్చే ఫోటోలూ ఇంతే కదా. సమాధిరాళ్ళ మీది రాతలన్నీ ఒకచోట చేర్చిన సైటు ఇంకొకటి. అక్కడ అందరు భార్యలూ గుణవంతులే, అందరు భర్తలూ దేవుళ్ళే. చచ్చినవాడి కళ్ళు చారెడన్నారు. పాతకాలం వాళ్ళు రాసిన చరిత్రలను అనువాదం చేసి ఊరికే చదువుకోమని పెట్టారు. అవి మాత్రం పక్కింటివాళ్ళ మాటలు. రుచి ఎక్కువ, నమ్మకం తక్కువ. మ్యూజియం వాళ్ళ బొమ్మలు అన్ని వైపులకూ తిప్పి చూడొచ్చు. అగస్టస్ చెవులు కాస్త పెద్దవి, నాణెం మీద తెలియదు.

ఊరంతటికీ కుటుంబం ఎలా ఉండాలో చట్టాలు చేసిన మనిషి, సొంత కూతుర్ని అదుపులో పెట్టలేక దీవికి పంపేశాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, వినలేదు. అతని సంగతంతా విడిగా రాసి జత చేశాను.

మీ మావయ్య


హాస్టలు, మెట్ల పక్క గది

మావయ్యా,

నీ పెద్ద చెవుల అగస్టస్ తరగతిని ఊపేశాడు. వెనక బెంచీ వాళ్ళు కూడా నిద్రపోలేదు. నాణెం, బొమ్మ పక్కపక్కన పెట్టి, "వీటిలో ఎవరిని నమ్ముతారు?" అని అడిగాను. ఒకమ్మాయి లేచి, "ఇద్దరినీ కాదు టీచర్, ఆయన కూతుర్ని అడగాలి" అంది. అది నీ ఆఫీసులో పనికొస్తుంది, పెద్దయ్యాక పంపిస్తాను.

నీ కాగితం మీద ఆఫీసు అలవాటు కొద్దీ పేరు రాయలేదు చూడు, ఇల్లు, వయసు, గుణం, లోపం మాత్రమే రాశావు. అది పిల్లలకు ఆటయిపోయింది. కాగితం చదువుతాను, వాళ్ళు ఇంటర్నెట్టులో వెతికి ఎవరో కనుక్కోవాలి. ఇకమీద అన్నీ అలాగే రాయి. మొదటి విడతలో పేరూ ఊరూ ఇవ్వకూడదన్న మీ ఆఫీసు పద్ధతి నా బడికి అచ్చొచ్చింది.

హెడ్మిస్ట్రెస్ వచ్చే నెల రెండో వారంలో వింటానన్నారు. రసాయన శాస్త్రం ఆవిడది. మాట కూడా కొలిచి పోస్తారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఈ బడిలో లేరట. నడిస్తే చప్పుడు ఉండదు, తలుపు అద్దంలో కళ్ళజోడు కనిపిస్తే వచ్చారని అర్థం. నాకు భయంగానే ఉంది. ఆ రోజుకు టిబేరియస్‌ని తీసుకుందామనుకుంటున్నాను. బాగా రాసి పంపు.


ఆఫీసు, టైర్ల దుకాణం పైన

కోడలు పిల్లా,

టిబేరియస్‌తో నా వారమంతా పోయింది. ఇతని కింద సైన్యంలో పనిచేసిన ఒకడు ఆకాశానికెత్తేశాడు. ఇతను పోయాక ఎనభై ఏళ్ళకు ఇంకొకడు దుమ్మెత్తి పోశాడు. జీతగాడి మాటా సగమే, గిట్టనివాడి మాటా సగమే. కానీ ఆ గిట్టనివాడే ఒక ముక్క రాశాడు. టిబేరియస్‌కు మొదటి భార్య అంటే ప్రాణం. మారుతండ్రి అగస్టస్ బలవంతంగా విడదీసి, తన కూతుర్నిచ్చి చేశాడు. తర్వాత ఎప్పుడో వీధిలో ఆమె కనబడితే కళ్ళనిండా నీళ్ళతో అలా చూస్తూ వెనకాలే వెళ్ళాడట. మళ్ళీ ఆమె ఎదురుపడకుండా పెద్దలు జాగ్రత్త పడ్డారట. గిట్టనివాడు చెప్పిన మంచిమాటను నమ్మొచ్చు, అది మా వృత్తిలో మొదటి సూత్రం. అది చదివి కంప్యూటరు కట్టేశాను.

అతను యాభై అయిదో ఏట గద్దెనెక్కే వరకే రాశాను. చుట్టాలందరితో కలిపి ఇతనిది పద్నాలుగో కాగితం. ఇందులో పెట్టాను.

మీ హెడ్మిస్ట్రెస్ గురించి ఇంకాస్త రాయి. మధ్యాహ్నం ఎవరితో తింటుంది, సెలవుల్లో ఏం చేస్తుంది. ఊరికే అడుగుతున్నాను.

మీ మావయ్య


హాస్టలు

మావయ్యా,

కవరు విప్పి చదివాను. నీ టిబేరియస్‌కి బేకరీల్లో పొయ్యిలు బాగుచేసే పని ఉందట. షుగరు ఉందట, మాత్రలతో అదుపులోనే ఉందట. ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. వాలీబాల్ అంటే ఇష్టం. రోమన్లు చాలా ముందున్నారనుకున్నాను గానీ మరీ ఇంతగానా.

కాగితం పైన పద్నాలుగు అని ఉంది. మీ ఆఫీసు పద్నాలుగూ నా పద్నాలుగూ తారుమారయ్యాయి. ఈయన మంచివాడిలాగే ఉన్నాడు, పిల్లలకు చూపించలేదు. అది సరే, నా చక్రవర్తి ఎవరింటికి వెళ్ళాడు?

హెడ్మిస్ట్రెస్ మధ్యాహ్నం ల్యాబులో ఒక్కతే తింటారు. సెలవుల్లో ల్యాబు సీసాలకు కొత్త చీటీలు అంటిస్తారట. నీకెందుకు ఈ ఆరాలన్నీ?


ఆఫీసు

కోడలు పిల్లా,

కొంప మునిగింది. ఇదిగో టిబేరియస్ కాపీ, తీసుకో. అసలుది ఎవరికి వెళ్ళిందో తెలిసింది, ఇప్పుడు చెప్పలేను. పొయ్యిల ఆయన్ని వెనక్కి పంపెయ్యి.

మావయ్య


ఆఫీసు,
తలుపు లోపల గడియ వేసుకుని

కోడలు పిల్లా,

వారం రోజులుగా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టుంది. ఒకరి గుట్టు ఇంకొకరికి చెప్పకూడదన్నది నా వృత్తి నియమం. నీ ఉద్యోగం అడ్డు పడేసరికి తప్పుతున్నాను. మనసులో పెట్టుకో.

రెండు నెలల కిందట ఒకావిడ మా ఆఫీసుకు రాసింది. వయసు నలభై తొమ్మిది, పెళ్ళి కాలేదు, తోడు కావాలని ఉంది, తొందర లేదు. ఉద్యోగం దగ్గర మీ బడి పేరు ఉంది. అవును, మీ హెడ్మిస్ట్రెస్సే. నేను ఆవిడకు ముగ్గురి కాగితాలు పంపాను. పొయ్యిల ఆయన నాలుగోవాడు కావాల్సింది. నాలుగోవాడుగా టిబేరియస్ వెళ్ళాడు. పేరు లేదు, ఊరు లేదు. పొడగరి, ఎడమచేతివాటం, తక్కువ మాట్లాడతాడు, సరిహద్దుల్లో చాలాకాలం పనిచేశాడు, కొన్నేళ్ళు అన్నీ వదిలి ఒక దీవిలో చదువుకుంటూ గడిపాడు, తల్లి కాస్త గట్టిమనిషి. ఎవరైనా రిటైరైన ఆఫీసరనే అనుకుంటారు.

నిన్న ఆవిడ జవాబు వచ్చింది. "మిగతా ముగ్గురూ ఇల్లూ వాకిలీ గురించి రాశారు. ఈయన ఒక్కడే ఏడ్చాడు. ఈయన్ని కలవాలని ఉంది" అని రాసింది.

ఏం చెప్పను? వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు గానీ, చచ్చిపోయిన చక్రవర్తిని ఎవరికీ అంటగట్టమనలేదు. నిజం రాద్దామని కూర్చుంటాను. ఆ వాక్యం చూసేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఎన్నాళ్ళకో ఆశపడిన మనిషి.

రాస్తాను, ఈ వారంలో తప్పకుండా రాస్తాను. ఈలోపు నువ్వు ఆవిడ ముందు టిబేరియస్ ఊసెత్తకు. క్లాడియస్‌ని తీసుకో. తెర వెనక దాక్కుంటే సైనికులు బయటికి లాగి రాజును చేశారు, పిల్లలు నవ్వుతారు. తనకొచ్చిన కాగితాన్నే తరగతి గదిలో చదవడం ఆవిడ వింటే అవమానంగా ఉంటుంది. నీ ఉద్యోగమూ పోతుంది. ఇంకా వారముంది కదా అని ఉత్తరమే రాస్తున్నాను.

మావయ్య


హాస్టలు,
పాఠం అయిపోయిన సాయంత్రం

మావయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. పాఠం పొద్దున్నే అయిపోయింది. వచ్చే వారమన్నావిడ ఈ రోజే, చెప్పకుండా, వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నారు. బల్ల మీద టిబేరియస్ సిద్ధంగా ఉన్నాడు. ఇక చేసేదేముంది, చదివాను.

పొడగరి అనగానే ఆవిడ తలెత్తారు. ఎడమచేతివాటం అనగానే కలం కింద పెట్టారు. వీధిలో మొదటి భార్యను చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాడని చదివేసరికి ఆవిడ ముఖంలో రంగు లేదు. నాకేం తెలుసు? పాఠం నచ్చలేదనుకున్నాను. ఇనుప కొట్టు, అన్నయ్య తుడిచిన కుర్చీ కళ్ళకు కట్టాయి.

పిల్లలు కంప్యూటరు దగ్గర మూగి, నాణేల సైటూ వంశవృక్షమూ తిరగేసి, "టిబేరియస్ టీచర్" అని ఒక్కసారిగా అరిచారు.

ఆవిడ మెల్లగా అడిగారు. "ఈయన ఇప్పుడు ఎక్కడున్నారు?"

"పోయి రెండువేల ఏళ్ళు కావస్తోంది మేడమ్" అన్నాడు ముందు బెంచీ వాడు.

ఆవిడ చేతులతో ముఖం కప్పుకున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు మావయ్యా. భుజాలు అదిరేలా, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, ఆపుకుందామంటే ఆగక. పిల్లలకు ఎందుకో తెలియకపోయినా వాళ్ళూ మొదలుపెట్టారు. చివరికి నేనూ నవ్వాను. పక్క తరగతి టీచరు తలుపు తీసి చూసి, హెడ్మిస్ట్రెస్ నవ్వడం కళ్ళారా చూసి, నిశ్శబ్దంగా తలుపు వేసుకుని వెళ్ళిపోయింది.

నవ్వు తగ్గాక ఆవిడ లేచి బోర్డు దగ్గరకు వచ్చారు. "ఈ కాగితంలో రాయనిదేమిటో ఎవరైనా చెబుతారా?" అని పిల్లల్నే అడిగారు. ఒకరి తర్వాత ఒకరు లేచారు. గద్దెనెక్కాక అనుమానం పెరిగిందనీ, ఎందరినో విచారణలకు ఈడ్చాడనీ, మంచిగా రాసినవాడు అతని కింద పనిచేశాడనీ, చెడుగా రాసినవాడు అప్పటికి పుట్టనే లేదనీ. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎందుకు చెప్పారు. నీ మూడు ప్రశ్నలూ నా పిల్లల నోట విన్నాను.

తర్వాత ల్యాబుకు పిలిచారు. పర్మనెంటు కాగితం మీద అప్పటికే సంతకం పెట్టి ఉంది. చరిత్ర కూడా నాకే. ఇంక ఇనుప కొట్టు లేదు.

కాగితం చేతికిచ్చి, "ఆ వివరాలు రాసిందెవరు?" అని అడిగారు. మా మావయ్య అన్నాను. సంబంధాల ఆఫీసేనా అన్నారు. అవునన్నాను. అప్పటికీ నాకేం అర్థం కాలేదు, నీ ఉత్తరం చదివాకే అయింది. ఆవిడ సీసాలు సర్దుతూ నావైపు చూడకుండా అన్నారు. "అలా రాసినాయన వివరాలు పంపమని చెప్పు. కాగితంలో రాయనివి కూడా."

మావయ్యా, నేను ఇప్పుడు మంచం మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. నువ్వు బల్ల కింద దూరినా లాభం లేదు.


ఆఫీసు

కోడలు పిల్లా,

నీకు ఉద్యోగం ఖాయమైనందుకు కింద టైర్ల దుకాణం వాళ్ళందరికీ టీ ఇప్పించాను. మిగతాది నాలుగుసార్లు చదివాను.

ఆవిడకు క్షమాపణ రాసేశాను. వివరాలు మాత్రం రాయలేదు. తన గురించి తాను రాసుకున్నవాడెవడూ నిజం రాయడు. నాకు యాభై నాలుగు. ఈ వయసులో నాణెం కొట్టించుకుంటే నవ్విపోతారు. వద్దులే, ఆవిడకు మంచి సంబంధం నేనే చూస్తాను.

మావయ్య


హాస్టలు

మావయ్యా,

నువ్వు రాయవని తెలిసి నేనే రాసి ఇచ్చేశాను. కాపీ ఇది.

"వయసు యాభై నాలుగు, ఫోటోలో కూడా అంతే. ఆఫీసు టైర్ల దుకాణం పైన, అందుకే బట్టలకు కాస్త రబ్బరు వాసన. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు. కూర మాడ్చి, కావాలనే అలా చేశానంటాడు. ఊళ్ళో వాళ్ళ తగువులు తీరుస్తాడు, తన గురించి అడిగితే మాట మారుస్తాడు. తను కుదిర్చిన ప్రతి పెళ్ళిలోనూ ఆఖరి వరసలో నిలబడి, అందరూ భోజనాలకు లేచాక కళ్ళు తుడుచుకుంటాడు. చిన్నప్పుడు ఒకసారి చూశాను. చూశానని అతనికి తెలియదు. ఇది చెబుతున్నది అతనంటే ప్రాణమైన మేనకోడలు, కాబట్టి సగమే నమ్మండి."

ఆవిడ రెండుసార్లు చదివారు. శనివారం నీ ఊరికే వస్తారట. స్టేషను ఎదురుగా ఉన్న టీ దుకాణం, సాయంత్రం అయిదింటికి. ఇస్త్రీ చొక్కా వేసుకో.


ఇంటి నుంచి,
శనివారం

కోడలు పిల్లా,

పెళ్ళికొడుకులకు నేను చెప్పేవి గుర్తున్నాయా? ముందు వాళ్ళని మాట్లాడనివ్వాలి, చెంచాతో ఆడకూడదు, జీతం సంగతి తేకూడదు. మూడూ తప్పాను. వ్యాపారం సగానికి పడిపోయిందని కూర్చున్న రెండో నిమిషంలోనే చెప్పేశాను. ఆవిడ విని, "అయితే సాయంత్రాలు తీరికేనన్నమాట" అంది.

రోము గురించి మాట్లాడుకున్నాం. సైట్ల పేర్లన్నీ రాసుకుంది. తర్వాత సూటిగా అడిగింది, మీరెందుకు చేసుకోలేదని. ఆ ప్రశ్న ఎవరడిగినా తప్పించుకోవడం నాకు కొట్టినపిండి. ఈసారి చేతకాలేదు. ఉన్నది చెప్పాను. "అందరి తరఫునా అడగడానికి నేను వెళ్ళాను. నా తరఫున వెళ్ళినవాళ్ళు లేరు. నేనే అడుగుదామంటే, కాదంటారేమోనని భయం. వేరేవాళ్ళకైతే ఇంకో కాగితం చూపిస్తాను. నాకు నేను ఏం చూపించుకుంటాను?"

ఆవిడ కప్పు కింద పెట్టింది. "సరే. నేను అడుగుతున్నాను" అంది.

ముప్పై ఏళ్ళుగా అందరికీ నాలుగు రోజులు ఆలోచించుకుని చెప్పమన్నవాణ్ణి. టీ చల్లారేదాకా కూడా ఆగలేదు. అవునన్నాను. కోడలు పిల్లా, నాకు చాలా సంతోషంగా ఉంది. ఎలా రాయాలో తెలియడం లేదు, అందుకని ఇలాగే రాస్తున్నాను.

వచ్చే ఆదివారం మాట్లాడుకోవడానికి కూర్చుందామంది. మగపెళ్ళివారి తరఫున పెద్దదిక్కుగా నువ్వు రావాలి, నా తరఫున మాట్లాడిందే నువ్వు కదా. బడిలో ఆవిడ మేడమే, అందులో మార్పు లేదు. కానీ ఇంట్లో అత్తయ్యా అని పిలుస్తుందేమో అడగండి అని రైలు కదిలేటప్పుడు నాతో అంది. అడుగుతున్నాను.

మీ మావయ్య